ఎనిమిదో కర్ర

చిట్టిదాన్ని నిద్రపుచ్చి, చిన్నగది తలుపు ఓరగా వేసి, అమ్మమ్మ వంటింట్లో బట్టలారబెట్టే డ్రయ్యరు వెనక నేలమీద చతికిలబడేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇంకో గంటకు గాని పిల్ల లేవదు, గంటన్నరకు గాని కూతురు పని నుంచి రాదు, అల్లుడైతే దీపాలు పెట్టే వేళకు గాని ఇంటి మొహం చూడడు, అంటే ఈ గంట పూర్తిగా తనది, తనదీ ఈ గొట్టానిదీ. మిషన్ను గోడ నుంచి జరపడానికే నడుం రెండు ముక్కలైంది. పొద్దుటి నుంచి తిరిగిన మిషను, పిల్లను పడుకోబెట్టే ముందే ఆపేసింది, తీగ కూడా పీకేసింది, అయినా రేకు ఇంకా గోరువెచ్చగానే ఉంది. దీని వీపు నుంచి ముడతల గొట్టం ఒకటి బయల్దేరి గోడ బొక్కలోకి దూరుతుంది, అక్కణ్ణించి గోడ లోపల రేకు గొట్టం, చిట్టిది పడుకున్న చిన్నగది గోడ వెంబడి అడ్డంగా పోయి వీధి వైపు తేలుతుంది, అక్కడ రెక్కలాంటి మూత, వేడిగాలి వచ్చినప్పుడు తెరుచుకుంటుంది, లేనప్పుడు మూసుకుంటుంది. పొద్దున చెప్పులేసుకుంటూ కూతురు, "అమ్మా, తువ్వాళ్లు మూడుసార్లు తిప్పినా ఆరట్లేదే, మిషను మాత్రం కుంపటిలా ఉంది, ఇవాళ కాస్త నీ కర్ర వైద్యం చేయవూ?" అంది. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మనిషి, భుజాన పనిముట్ల సంచీ, నోట్లో టీ, "పోయినేడాది అత్తయ్యగారు ఒక్క పోటు పొడిస్తే ఏడాదంతా పరుగెత్తింది, ఆవిడ చేతికి మిషన్లు కూడా భయపడతాయి" అన్నాడు. "ఊరందరి లిఫ్టులూ నువ్వు ఎక్కించి దించుతావు, ఇంట్లో గొట్టం మాత్రం మా అమ్మే చూడాలి" అని కూతురు. "అందుకేగా ఆవిడకి ఈసారి కర్రకు కర్ర బిగించే బ్రష్షు కొనిచ్చాను, సన్మానం చేసినట్టు!" అని అతను. నవ్వుకుంటూనే వెళ్లారు ఇద్దరూ. ఆ నవ్వు గుమ్మంలో కాసేపు నిలబడింది, తరువాత ఇల్లు నిశ్శబ్దమైంది.

ముడతల గొట్టం ఊడదీయగానే గుప్పెడు నూగు ఒళ్లో పడింది, మెత్తగా, బూడిదరంగులో, ఇంకా కళ్లు తెరవని పిల్లికూనలా. నూగంటే ఏముంది, బట్ట రోజూ కొంచెం కొంచెంగా చనిపోవడమే కదా, ఉతికిన ప్రతిసారీ కొంత, ఆరిన ప్రతిసారీ కొంత, మనిషికి తెలియకుండా ఒంటిమీది చొక్కా పలచబడుతూ ఉంటుంది, ఆ పోయిందంతా ఇదిగో ఇక్కడ చేరుతుంది. వేళ్లతో విప్పి చూస్తే సంవత్సరం పొరలు పొరలుగా కనబడుతుంది, ఈ నీలం అల్లుడి పని బట్టలది, ఈ తెలుపు కూతురు పళ్ల డాక్టరు దగ్గర పనిలో వేసుకునే కోటుది, ఈ పసుపు చిట్టిది పుట్టినప్పుడు తను అల్లిన దుప్పటిది, ఈ నెరిసిన పొడుగు వెంట్రుక తనది, తనదే. చీరల రంగులు కూడా ఉన్నాయేమోనని వెతికింది గాని కనబడలేదు, తన చీరలు తను తీగ మీదే ఆరేసుకుంటుంది, మిషన్ను నమ్మదు. ఇరవైయేడేళ్లు మిషన్ల మధ్య బతికినదానికి మిషనంటే నమ్మకం ఎలా ఉంటుంది. సంచీలోంచి మొదటి కర్ర తీసి, బ్రష్షు మర తిప్పి బిగించి, గొట్టంలోకి పెట్టి, "ఒకటి" అంది, పైకే అంది. అనేశాక తనకే నవ్వొచ్చింది, ఎవరు వింటారని.

వినడానికి ఆ రోజుల్లో వదిన ఉండేది. వదినంటే ఆయన అక్క, ఆసుపత్రి లాండ్రీలో పని ఇప్పించింది కూడా ఆవిడే, ఆరబెట్టే డ్రమ్ములు పన్నెండు, ఒక్కోదానిలో నలుగురు మనుషులు కూర్చోవచ్చు, వాటి గొట్టాలు నెలకోసారి తోమాలి. ఆ పని ఒంటరిగా చేయకూడదని అక్కడ రివాజు. ఒకరు లోపలి నుంచి తోస్తూ కర్ర కర్రకూ లెక్క అరవాలి, రెండోవారు బయట గోడ దగ్గర నిలబడి, బ్రష్షు మొహం చూపించగానే "వచ్చింది" అని కేక పెట్టాలి, ఆ కేక వినబడేదాకా తోసేవాళ్లు చేయి తీయకూడదు, గొట్టం పొడవుకు పట్టే కర్రల లెక్క మించితే వెంటనే ఆపేయాలి. మేస్త్రీ ఆ రివాజును నోటితో కాదు, ముక్కుతో చెప్పేవాడు, ఎప్పుడూ జలుబే పాపం, "లెక్క తప్పితే గొట్టంలో లేరు, ఇంకెక్కడో ఉన్నారు" అనేవాడు. వదిన గొంతు ఉందే, మూడు గోడల అవతల నుంచి కూడా చెవిలో చెప్పినట్టుండేది, "వచ్చింది, వచ్చింది, నీ మొగుడు జీతం రోజున కూడా ఇంత తొందరగా రాడు!" అని అరిచేది, డ్రమ్ముల దగ్గరున్న ఆడవాళ్లందరూ ఒకటే నవ్వు. "రెండు" అంది అమ్మమ్మ. ఈ ఇంట్లో అవతల నిలబడేవారు లేరు. పోయినేడాది కూడా లేరు. ఇంత చిన్న గొట్టానికి ఇద్దరెందుకు అనుకుంది, రెండు తుడుపుకర్రలు పాత లంగా నాడాతో కట్టి, ఒక్కతే తోసేసింది.

ఇక్కడ రావలసిన లెక్క ఆరు. మూతకు ఆరు కర్రలు. పొద్దున తనే మూత ఉన్న చోటి నుంచి మిషను దాకా గోడ పక్కన నేల వెంబడి కర్ర పరుచుకుంటూ కొలిచింది, ఆరో కర్రకు బ్రష్షు మూతను తాకాలి, మూత టప్‌మనాలి, ఆ చప్పుడే "వచ్చింది" అనుకోవాలి. మూడో కర్ర బిగించి తోసింది. సగం దాకా రేకు మీద గరగరమంటూ పోయింది. ఆ తరువాత గరగర ఆగింది. కర్ర ఆగలేదు. మెత్తగా, కిందికి, ఏదో వంగినట్టు, మెట్టు ఉందనుకుని కాలు వేసిన చోట మెట్టు లేనట్టు. అమ్మమ్మ చేయి అక్కడే నిలిచింది. గోడ అవతల చిట్టిది నిద్రలో ఒకసారి మూలిగింది, మళ్లీ సద్దుమణిగింది. ఆ మూలుగుకే గుండె ఝల్లుమంది, ఈ మధ్య ప్రతిదానికీ ఝల్లుమంటోంది, పోయిన నెల పాలగిన్నె మాడినప్పటి నుంచి. గిన్నె మాడింది, నిజమే, పొయ్యి మీద పెట్టి పిల్లకు లాల పోస్తూ మరిచిపోయింది, ఇల్లంతా పొగ, కూతురు ఆ రోజు అరవలేదు. అరిచినా బాగుండేది. మాడిన గిన్నెను సింకులో పెట్టి నీళ్లు వదిలి, వీపు తిప్పుకునే అంది, "అమ్మా, ఇంకోసారి ఇలాంటిది జరిగితే దీన్ని క్రెష్‌లో వేస్తాను, నువ్వు పిన్ని దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉందువుగాని. నిన్ను తిట్టి కాదే, నాకు అక్కడ పనిలో చేతులు వణుకుతున్నాయి." పిన్ని అంటే తన చెల్లెలు, మంచిదే, అన్నం పెడుతుంది, మంచం వేస్తుంది, కాని అక్కడ చిట్టిది ఉండదు. పొద్దున్నే రెండు పిడికిళ్లతో తన జుట్టు పట్టుకుని లేపేవాళ్లుండరు. ఇంత వయసొచ్చాక ఒక మనిషికి తనతో అవసరం ఉండడమంటే ఏమిటో పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

"నాలుగు" అంది, గొంతు తగ్గించి. ఐదు. ఆరు. మూత చప్పుడు కాలేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు, అది వినబడింది, మూత మాత్రం వినబడలేదు. ఏడు. మేస్త్రీ ముక్కుతో మాట్లాడుతున్నాడు, లెక్క తప్పితే గొట్టంలో లేరు. లేను బాబూ, తెలుసు, అయినా చేయి ఆగడం లేదు, ఎంత దూరం పోతుందో చూడాలి కదా, పుండును వేలితో నొక్కి చూసుకున్నట్టు. ఎనిమిదో కర్ర బిగించింది. అదీ పోయింది, సగం పైగా, మెత్తటి దాంట్లోకి, దిండులోకి సూది దిగినట్టు. అప్పుడు వెనక్కి లాగడం మొదలుపెట్టింది, ఒక్కో కర్రా విప్పి పక్కన పెడుతూ, చివరికి బ్రష్షు బయటికొచ్చింది, దానికి పట్టుకుని ఒక మొద్దంత నూగు, గొట్టంలో పట్టేది కాదు అంత. దాని నడుమ పసుపు. దుప్పటి పసుపు. చిట్టిది పుట్టిన కొత్తలో, ఏడాది కిందటి ఉతుకు. ఏడాదిగా ఈ ఇంటి నూగు వీధిలోకి పోవడం లేదు, గోడలోకి పోతోంది. ఇది బోలుగోడ, చెక్క చట్రం మీద రెండు వైపులా పలకలు కొట్టింది, తడితే డబ్బాలా మోగుతుంది, లోపలంతా ఖాళీ, ఆ ఖాళీలోకి ఏడాదిగా వేడిగాలీ నూగూ, వేడిగాలీ నూగూ. ఎదురింటి దర్జీ చలి మొదలైనప్పుడే అన్నాడు, "ఏం పెద్దమ్మా, మీ గోడ ఈ ఏడు ఊపిరి వదలట్లేదే, నిరుడు నా దుకాణం అద్దమంతా ఆవిరి కొట్టేది, సిగరెట్టు మానేసిందా?" అని. తను కూడా నవ్వింది, అవును బాబూ మానిపించాను అంది. ఏం నవ్వు అది.

టక్‌మంది. పోయినేడాది, తుడుపుకర్ర మూడో మూర పైన ఎక్కడో గట్టిగా తగిలి ఆగితే, అడ్డం పడిందనుకుని, మిషనుకు కాళ్లు తన్నిపెట్టి, భుజం ఆనించి ఒక్క తోపు తోసింది, లోపల టక్‌మంది, కర్ర హాయిగా పోయింది. అమ్మయ్య వదిలింది అనుకుంది. వదిలింది అడ్డం కాదు, అతుకు. ఇరవైయేడేళ్లు ఆ పనే చేసినదానికి అతుకు వదిలిన చప్పుడు తెలియదా? తెలుసు. ఆ క్షణం చేతికి తెలిసింది కూడా, చేతికి తెలిసింది మనసు దాకా రానివ్వలేదు, ఎందుకంటే ఆ సాయంత్రం తువ్వాళ్లు ఒక్క తిప్పుకే ఆరాయి, కూతురు వెచ్చటి తువ్వాలు బుగ్గకు ఆనించుకుని "మా అమ్మ ఉంటే చాలు" అంది, అల్లుడు వంగి దండం పెట్టాడు, ఆ రోజు నుంచి వారం పాటు ఇంటికి ఎవరొచ్చినా ఆ కథే. ఎంత తీపిగా ఉండిందో. ఇప్పుడు ఈ నూగు మొద్దు చివర వేలు పెట్టి చూస్తే పసుపు కాదు, బూడిదా కాదు, గోధుమరంగు, పెనం మీద ఎక్కువసేపు ఉంచినట్టు, నలిపితే పొడి. వాసన చూసింది. ఆ వాసన ముక్కుకు తెలుసు. లాండ్రీ పైకప్పు కాలిపోయే ముందు రెండు రోజుల పాటు ఆ వాసనే, వదిన ఒక్కతే అంటూ ఉండేది, ఏదో మాడుతోంది, ఏదో మాడుతోంది అని, "నీ ముక్కుకు ఎప్పుడూ ఏదో ఒకటి కాలుతూనే ఉంటుందిలే" అని అందరూ ఆట పట్టించారు, తనూ పట్టించింది. మూడో రోజు వదిన రెండు చేతులూ మోచేతుల దాకా గుడ్డల్లో చుట్టి ఉన్నాయి, అదే ఆసుపత్రిలో, తాము ఉతికిన దుప్పటి మీదే.

మిషను వెనక్కి తోసెయ్, అంది లోపల ఎవరో, ఆ గొంతు తనదే. కర్రలు సంచీలో పెట్టెయ్, నూగు చెత్తబుట్ట అడుగున కుక్కెయ్, నా వల్ల కాలేదు బాబూ నడుం పట్టేసింది అని అల్లుడితో చెప్పు, అతను చూసుకుంటాడు, తెలివైనవాడు, ఆదివారం గోడ విప్పుతాడు, గొట్టం అమ్మినవాళ్లను తిడతాడు, అతుకు వదులుగా ఉందంటాడు, ఆ తిట్టే మాటల్లో నీ పేరు రాదు. ఎవరికి తెలుస్తుంది. చిట్టిది రోజూ పొద్దున్నే నీ జుట్టు పట్టుకుని లేపుతుంది. అంత సుళువు. మిషను తోయడానికి అరచేయి గోడకు ఆనించి లేచింది, లేస్తూ లేస్తూ ఆగిపోయింది.

గోడ వెచ్చగా ఉంది. మిషను ఆపి గంట పైనే అయింది, రేకు చల్లబడుతోంది, గోడ ఎందుకు చల్లబడలేదు? అరచేయి కాదు, వెనకచేయి, చేతి వెనకవైపు ఆనించాలి. లాండ్రీ కాలినప్పుడు మంటలార్పేవాళ్లలో ఒక పెద్దాయన గోడ వెంబడి వెనకచేయి ఆనించుకుంటూ నడిచాడు, పిల్లల నుదురు చూసినట్టు, ఒకచోట ఆగి "ఇక్కడుంది" అన్నాడు, అక్కడ పగలగొడితే అక్కడే ఉంది. అమ్మమ్మ వెనకచేయి ఆనించింది. ఒక అడుగు వేసింది. వెచ్చన. ఇంకో అడుగు. వేడి. ఇంకా పైకి, చిన్నగది వైపు, వేడి, వేడి, చేయి తీసేసుకుంది. కొళాయి దగ్గరికి కాదు, ఫోను దగ్గరికి కాదు, ఏం చేస్తున్నదో తెలియకుండానే చిన్నగది తలుపు తోసుకుని లోపలుంది. చలి మొదలయ్యాక తొట్టి మంచాన్ని కిటికీ దగ్గర నుంచి ఈ గోడకు జరిపింది ఎవరు, తనే, "ఈ గోడ భలే వెచ్చగా ఉంటుందే, పిల్ల హాయిగా పడుకుంటుంది" అని తనే అంది, అందరూ ఔనన్నారు, నిజంగానే పిల్ల ఈ చలికాలమంతా ఒక్క రాత్రి కూడా లేవకుండా పడుకుంది. చిట్టిది వెల్లకిలా ఉంది, చేతులు రెండూ పైకి పెట్టి, బుగ్గలు ఎర్రగా, నుదుటి మీద జుట్టు తడిసి అతుక్కుని. గది నిండా ఆ వాసన, పలచగా, తీపిగా. గోడ మీద తెల్లరంగు ఒకచోట, తొట్టి కమ్మీ పక్కనే, అరచేతంత మేర టీ ఒలికినట్టు పచ్చబడింది. పొద్దున అది లేదు.

పిల్లను దుప్పటితో సహా ఎత్తుకుంది. తలుపులు మూసింది, గది తలుపూ, వంటింటి తలుపూ, గాలి తగలకూడదని ఆ పెద్దాయన అరిచిన అరుపు చెవిలో ఉంది. చెప్పులు వేసుకోలేదు. వీధి దాటి దర్జీ దుకాణంలోకి వెళ్లేసరికి అతను ఎవరిదో చొక్కా కాలరు కుట్టు విప్పుతున్నాడు. "బాబూ, ఫైరింజనుకు ఫోను చెయ్యి" అంది. అతను లేచి నిలబడి ఇంటివైపు చూశాడు, కిటికీలు చూశాడు, పైకప్పు చూశాడు. "ఎక్కడమ్మా మంట? పొగే లేదు కదా." "లోపలుంది. గోడ లోపల." "గోడ లోపలా?" అతని కళ్లు తన ఉత్త కాళ్ల మీద, ముడి ఊడిన జుట్టు మీద, నూగు అంటుకున్న చీర మీద ఆగాయి, పాలగిన్నె సంగతి అతనికీ తెలుసు, ఆ రోజు పొగ చూసి మొదట పరుగెత్తుకొచ్చింది అతనే. "అల్లుణ్ణి పిలుద్దామా పెద్దమ్మా ముందు? ఫైరింజనంటే మరి... ఏమీ లేకపోతే..." ఏమీ లేకపోతే. అదీ నిజమే. ఇంజను గంటలు కొట్టుకుంటూ వచ్చి, వీధంతా గుమిగూడి, గోడ పగలగొడితే లోపల ఏమీ లేకపోతే, ముసలిదానికి మతి పోయింది అంటారు, సాయంత్రానికి పెట్టె సర్దుతారు. ఉంటే, అది తను పెట్టింది, అప్పుడూ సర్దేది ఆ పెట్టే. ఎటు చూసినా చిట్టిది తన చేతుల్లో ఉండేది ఈ వీధి దాటేంత సేపే. అంత స్పష్టంగా ఈ మధ్య ఏదీ అర్థం కాలేదు అమ్మమ్మకు, అర్థమయ్యాక భయం కూడా కొంచెం పక్కకు జరిగింది. "చెయ్యి బాబూ. నాకు మతి పోతే రేపు అందరం నవ్వుకుందాం. ఇప్పుడు చెయ్యి." అతను చేశాడు.

వాళ్లు వచ్చేసరికి చిట్టిది లేచి దర్జీ టేపుతో ఆడుకుంటోంది. నలుగురు, బరువైన చొక్కాలు, తొందర లేనట్టే నడుస్తూ లోపలికి పోయారు. వీధిలో జనం చేరారు, ఏమీ కనబడక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా. అప్పుడు లోపల గొడ్డలి పడిన చప్పుడు, ఒకటి, రెండు. పలక విరిగిన చప్పుడు. ఆ తరువాత చిన్నగది కిటికీలోంచి పొగ, నల్లగా కాదు, పసుపుగా, చిక్కగా, మంచం కింద ఏడాదిగా పడుకున్న జంతువు లేచి ఒళ్లు విరుచుకుంటూ బయటికి వచ్చినట్టు వచ్చింది, ముసిముసి నవ్వు ఆగిపోయింది. లోపల ఫైరింజను గొట్టంలోంచి నీళ్లు బుసకొట్టాయి, చాలాసేపు కొట్టాయి. ఒకతను మొహం తుడుచుకుంటూ బయటికొచ్చి, "తొట్టి మంచం దగ్గరే కుప్ప పడి నిప్పు రాజుకుంటోంది, అరగంట ఆగి ఉంటే ఇల్లుండేది కాదు" అని దర్జీతో అన్నాడు. ఇల్లని మాత్రమే అన్నాడు. అమ్మమ్మ పిల్లను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది.

కూతురు తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చింది, సందు మలుపు నుంచే ఏడుస్తూ. వచ్చి ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది, అమ్మ చేతుల్లోనే పిల్లను తడిమింది, చెవులు, వేళ్లు, పాదాలు. "అమ్మా, నువ్వు లేకపోతే... నువ్వు కనిపెట్టకపోతే ఏమయ్యేదే నా తల్లీ" అంది, మళ్లీ అదే అంది. మొహం తుడుచుకుంటున్న మనిషి దగ్గరికొచ్చి, "లోపల గొట్టం అతుకు ఊడి ఉందమ్మా, ఊడి చాలా రోజులైంది. ఆ గొట్టం ఎవరు బిగించారు?" అని అడిగాడు. "మా ఆయనే" అంది కూతురు, ఏడుపు మధ్యలో ఒక్కసారిగా కోపం తెచ్చుకుని, "మిషను కొన్నప్పుడు గొట్టం బిగించింది ఆయనే, అన్నీ నాకు తెలుసంటాడు, రానీ ఇవాళ..." వీధి అంతా ఔనన్నట్టు తల ఊపింది. దర్జీ కూడా ఊపాడు. అమ్మమ్మ భుజం మీద ఆ ఊపులన్నీ చల్లగా, హాయిగా దిగాయి, పోయినేడాది ఆ సాయంత్రంలాగే. చిట్టిది టేపు వదిలేసి ఆమె జుట్టు పట్టుకుంది, రెండు పిడికిళ్లతో.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది. కాని పిల్లను ఇలా గుండెకు అదుముకుని చెబితే అది ఒప్పుకోవడం అవదు, బేరం అవుతుంది, దీన్ని చూసైనా నన్ను వదిలెయ్ అని అడిగినట్టవుతుంది. ఒక్కో వేలూ విప్పుతూ పిల్ల పిడికిళ్లలోంచి జుట్టు విడిపించుకుంది. ఒకటి విప్పితే ఇంకొకటి పట్టుకుంటోంది, ఆలస్యం అయింది. "ముందు దీన్ని ఎత్తుకో" అంది కూతురితో. "ఉండనీలేవే, నీ దగ్గరే ఉండనీ, నా చేతులు వణుకుతున్నాయి" అంది కూతురు. "వణికినా సరే, ఎత్తుకో." కూతురు ఎత్తుకుంది. రవిక మీద పిల్ల చెమట తడి గాలికి చల్లబడుతుంటే, అమ్మమ్మ రెండు చేతులూ కిందికి వదిలేసి, ఆ మనిషివైపు కాదు, కూతురి కళ్లలోకే చూస్తూ చెప్పింది. "మీ ఆయన కాదే. ఊడగొట్టింది నేను. ఆ చప్పుడు అప్పుడే విన్నాను."